గోడ మీద పసుపు గీత

"సూరత్‌ల జూలై నెలల పొగమంచు ఏడ పడ్తది కాకా? ఫాగ్ లైట్లు ఎందుకు పెట్టించుకున్నడు?"

విజేత అడిగిన మొదటి ప్రశ్న అది. బ్రహ్మచారి చేతిలోని స్క్రూడ్రైవర్‌ను ప్యాంటుకు తుడిచి, ముక్కు మీంచి జారిన మాస్కు పైకి లాక్కుని, తన షాపు మధ్యలో నిలబెట్టిన పికప్ బండి వైపు చూశాడు.

2020 జూలై 25, శనివారం. టైము పది నలభై.

ఆ బండి సూరత్ శివారు పల్సానాలోని ఒక మిల్లుది. దాన్ని నడిపే సదానందం వారం కిందట, పద్దెనిమిదో తారీఖున, అరవై డబ్బాల నూలుతో పారిపోయాడని మిల్లు యజమాని ఇన్సూరెన్స్ క్లెయిమ్ వేశాడు. ఇరవై మూడున బండి దొరికింది, అదే మిల్లు వెనక చెరకు తోటలో. నూలు లేదు. సదానందం లేడు. బంపర్ కింద మాత్రం రెండు కొత్త ఫాగ్ లైట్లు ఉన్నాయి. వాటిని పట్టి ఉంచిన ఇనుప పట్టీ మీద సుత్తితో కొట్టిన 'బ్ర' అనే తెలుగు అక్షరం ఉంది. ఇన్సూరెన్స్ కంపెనీ తరఫున విచారణ చేస్తున్న విజేతను ఉధ్నా పేటలోని ఈ ఆటో ఎలక్ట్రీషియన్ షాపుకు తీసుకొచ్చింది ఆ అక్షరమే. జగిత్యాల నుంచి మగ్గాల పనికి వచ్చినవాళ్ల కూతురామె. సూరత్‌లో ఇనుము మీద తెలుగు అక్షరం కొట్టేవాణ్ని వెతకడానికి ఆమెకు ఒక పూట చాలింది. పొద్దున్నే బండిని కూడా ఇక్కడికే తోలించుకొచ్చింది.

"నేను గూడ గదే అడిగిన మేడం," అన్నాడు బ్రహ్మచారి. "సాపుతారా ఘాట్ ఎక్కాలె అన్నడు. వానకాలం ఆడ పట్టపగలే మబ్బు రోడ్డు మీదికి దిగుతది. ముందటి బండి కనవడది. పాత లైట్లు దీపాలోలె ఉండె. అవి పీకి ఈ పసుపు ఎల్‌ఈడీలు పెట్టిన."

"ఇంకేంది మరి?" షట్టర్‌కు ఆనుకుని నిలబడ్డ మనిషి నవ్వాడు. "సాపుతారా దాటితే నాసిక్. మాల్ నాసిక్‌ల అమ్ముకున్నడు. మీ రిపోర్టు అయిపోయింది మేడం, సంతకం పెట్టుండ్రి."

అతను రాజలింగం. మిల్లు సెక్యూరిటీ ఆఫీసరు. మెట్‌పల్లి మనిషి. ఆ మిల్లులో పనిచేసే తెలుగువాళ్లలో సగం మందిని ఊరి నుంచి తీసుకొచ్చింది తనేనని పొద్దున్నుంచి మూడుసార్లు చెప్పాడు. దొంగను పట్టే పని యజమాని తనకే అప్పజెప్పాడనీ, ఇన్సూరెన్స్ వాళ్లు దస్తావేజులు చూసుకుంటే చాలనీ రెండుసార్లు చెప్పాడు.

విజేత అతని వైపు తిరగలేదు. "లైట్లు ఏ రోజు పెట్టినవ్ కాకా?"

"శుక్రవారం, పదిహేడు. పొద్దుగాల పదింటికి ఖాళీ బండి తెచ్చిండు. పట్టీలు తయారు చేసి, వైరు వేరే గుంజి, రిలే పెట్టి, స్విచ్చు పెట్టేసరికి ఒంటిగంట. ఇగ గోడ మీద లైను సెట్ చేద్దామంటే వద్దన్నడు. రేపు లోడ్‌తోని వస్తా, గప్పుడు చెయ్యి అన్నడు."

"వచ్చిండా?"

"వచ్చిండు. శనివారం నాలుగు దాటి ఐదు నిమిషాలకు. ఐదున్నర దాటినంక పోయిండు."

విజేత ఫోన్‌లో మిల్లు గేటు పుస్తకం ఫోటో తెరిచింది. "మీ గేటు దాటింది మూడు ఇరవై ఐదుకు. నాలుగింటికి మీ మనుషులు రెండు మోటార్ సైకిళ్ల మీద హైవే అంతా వెతకడం మొదలుపెట్టిండ్రు. అవునా రాజలింగం గారూ?"

"అవును."

"వాళ్లు రోడ్ల మీద తిరిగిన గంటన్నర బండి ఈ షట్టర్ వెనకే ఉన్నది."

రాజలింగం ముఖం ముడుచుకుంది. ఈ సంగతి అతనికి కొత్త.

"ఇంకొకటి. మాల్ వేసుకొని పోయిన బండి ముప్పై అయిదు నిమిషాలు కనవడకపోతే ఎవరన్నా దొంగతనం అనుకుంటరా? ఉధ్నా ట్రాఫిక్‌ల చిక్కుకున్నడు అనుకుంటరు. మీకు అంత తొందరగా ఎట్ల తెలిసింది?"

"మా మిల్లు సంగతి మాకు తెలుస్తది."

"ఏం తెలిసిందో గేటు పుస్తకంల రాయలేదు మరి."

"మేడం, మీరు పుస్తకాలు చదువుకోండ్రి. నేను మనుషులను చదివేటోన్ని."

విజేత బండి చుట్టూ ఒక చుట్టు తిరిగింది. వెనక తొట్టిలో మడిచిపెట్టిన టార్పాలిన్ తప్ప ఏమీ లేదు. ముందుకొచ్చి కూర్చుంది. లైట్ల వెనక, పట్టీ సందుల్లో ఎర్రమట్టి ఎండి ఉంది. పల్సానాలో ఉండేది నల్లమట్టి.

"కాకా, ఈ లైట్లు ఒక్కసారి వెలిగించి చూపిస్తవా? ఆ రోజు చూసినట్టే."

బ్రహ్మచారి షట్టర్ కిందికి లాగాడు. యాభై అడుగుల పొడవున్న షాపు చీకటైపోయింది. ఎదురుగా సున్నం కొట్టిన గోడ. నేల మీద పసుపు రంగుతో ఒక అడ్డగీత ఉంది. ముందు చక్రాలు ఆ గీత మీదికి వచ్చేలా బండిని తోశారు. లైటు నుంచి గోడకు సరిగ్గా ఇరవై ఐదు అడుగులు.

స్విచ్చు నొక్కాడు.

లైటంటే గోడంతా పరుచుకునే వెలుతురు అనుకుంది విజేత. ఇది అలా లేదు. గోడ కింది భాగమంతా గట్టి పసుపు. పై భాగమంతా నలుపు. రెండింటి మధ్య ఆ చివర నుంచి ఈ చివరకు కత్తితో కోసినట్టు ఒకే ఒక్క గీత. ఆ గీతకు పైన ఒక్క చుక్క వెలుతురు లేదు.

"గదే అసలు పని," బ్రహ్మచారి గొంతు కూడా తగ్గింది. "మబ్బుల లైటు పైకి పోతే ఆ మబ్బే తెల్లటి గోడైతది. మన లైటే మన కండ్లల్ల కొడ్తది. అందుకని లైటు మబ్బు కిందికెళ్లి దూరాలె. నేలను నాక్కుంట పోవాలె. పైకి ఒక్క అంగుళం లేస్తే లోయల పడ్తం."

అతను గోడ దగ్గరికి నడిచాడు. అక్కడ సుద్దతో రెండు అడ్డగీతలు, పక్కన తారీఖు, కొన్ని అంకెలు ఉన్నాయి. కరోనా కంటైన్‌మెంట్ వల్ల ఆ రోజు తర్వాత షాపుకు ఇంకో బండి రాలేదు. అందుకే చెరిగిపోలేదు.

"పై గీత లైటు ఎత్తు. నేల నుంచి ఇరవై నాలుగు అంగుళాలు. కింది గీత వెలుతురు ఆగాల్సిన ఎత్తు. ఇరవై. నేను సెట్ చేసింది గీ కింది గీత మీద."

కానీ ఇప్పుడు వెలుతురు ఆ సుద్దగీత దగ్గర లేదు. దానికి బెత్తెడున్నర కింద ఆగిపోయి ఉంది. విజేత టేపుతో కొలిచింది. ఐదు అంగుళాల తేడా.

రాజలింగం గట్టిగా నవ్వాడు. "ఇదా నీ పనితనం చారీ? కాళ్ల ముందటి నేలకు పెట్టినవ్ లైటు."

బ్రహ్మచారి నవ్వలేదు. వంగి, లైటు వెనక బిగించిన నట్టు మీద తను రంగుతో పెట్టిన చుక్కను టార్చితో చూశాడు. చుక్క చెదరలేదు. ఎవరూ నట్టు తిప్పలేదు.

"నా చెయ్యి తప్పలే," అన్నాడు. "బండి మారింది. ఆ రోజు వెనక లోడ్ ఉండె. లోడ్ ఉంటే వెనక దిగుతది, మూతి లేస్తది, లైటు పైకి లేస్తది. నేను దాన్ని కిందికి వంచి గీత మీద పెట్టిన. ఇప్పుడు లోడ్ లేదు. మూతి దిగింది, లైటు దిగింది. అంతే."

విజేత కాసేపు గోడనే చూసింది.

"అంటే కాకా, ఆ రోజు ఎంత బరువు ఉన్నదో అంత బరువు మళ్లీ వెనక పెడితే..."

"లైటు పైకొచ్చి గీతను ముట్టుకుంటది. ఎందుకు ముట్టదు? స్ప్రింగు కమాన్లు అవే, టైర్లు అవే."

"తూకం రాయి అవసరం లేదు అయితే."

"గోడే తూకం బిడ్డా," అన్నాడు బ్రహ్మచారి. ఆమెను మేడం అనడం అతను మానేశాడు.

పక్కనున్న మగ్గాల కార్ఖానాకు తాళం వేసి ఇరవై రోజులైంది. వాచ్‌మన్‌ను బతిమాలితే తెరిచాడు. గంజి పెట్టడానికి వాడే స్టార్చ్ బస్తాలు లోపల పేర్చి ఉన్నాయి. ఒక్కొక్కటి యాభై కిలోలు. ఇద్దరు హమాలీలు దస్తీలు మూతికి కట్టుకుని మోయడం మొదలుపెట్టారు. విజేత గోడ దగ్గర టేపు పట్టుకుని నిలబడింది.

మొదటి నాలుగు బస్తాలకు గీతలో కదలిక కనిపించలేదు. ఆరో బస్తాకు వేలెడు లేచింది. పదో బస్తా తొట్టిలో పడగానే ఆ పసుపు అంచు గోడ మీద ఊగి, కుదురుకుని, ఇంకో వెంట్రుక పైకి వచ్చింది. హమాలీలు కూడా ప్రతి బస్తా వేశాక ఆగి గోడ వైపు చూస్తున్నారు. పదిహేడు. పద్దెనిమిది. పందొమ్మిదో బస్తా పడింది. వెలుతురు అంచు సుద్దగీతను తాకి, దాని కింద సరిగ్గా ఒదిగిపోయింది.

విజేత ఊపిరి వదిలింది. వారం కిందట వెళ్లిపోయిన బరువు ఇప్పుడే తిరిగొచ్చి ఎదురుగా నిలబడినట్టనిపించింది ఆమెకు.

"తొమ్మిది వందల యాభై," అంది. "మీ క్లెయిమ్‌లో అరవై డబ్బాలు, ఒక్కోటి ఇరవై ఐదు కిలోలు. పదిహేను వందలు. ఐదున్నర వందల కిలోల నూలు ఎక్కడ పోయింది రాజలింగం గారూ?"

"సుద్దముక్క గీతను పట్టుకొని కోర్టుకు పోతరా?"

"పోతా."

రాజలింగం భుజాలెగరేశాడు. "సరే, నలభై డబ్బాలే అనుకోండ్రి. లెక్క రాసినోడు తప్పు రాసిండు. దొంగ దొంగనే గదా?"

ఇరవై డబ్బాల నూలును అతను అంత తేలిగ్గా వదిలేయడం విజేతకు వింతగా తోచింది. ఆ ఆలోచన పూర్తికాకముందే రాజలింగం బ్రహ్మచారి వైపు తిరిగాడు.

"చారీ, గదంత పోనీ. ఆ రోజు మీటర్ ఎంత ఉండె? కిలోమీటర్లు రాసుకుంటవు గదా?"

"రాసిన. ఎనభై ఒక్క వెయ్యి..."

"కాకా, తర్వాత చూద్దాం," విజేత అడ్డుపడింది. ఎందుకు అడ్డుపడిందో ఆమెకే అప్పటికి స్పష్టంగా తెలియదు. నూలు పోగొట్టుకున్నవాడు నూలు గురించి అడగాలి. ఇతను బండి ఎంత దూరం పోయిందని అడుగుతున్నాడు.

కానీ రాజలింగం అప్పటికే ఫోన్ తీశాడు. సుద్దగీతల పక్కనే రాసి ఉన్న అంకెను ఫోటో కొట్టుకున్నాడు. 81,412. తర్వాత బండి తలుపు తెరిచి ఇప్పటి మీటరు చూశాడు. 83,150. పెదవులు కదుపుతూ లెక్క వేసుకున్నాడు.

"ఆ అంకె నా విచారణలోది," అంది విజేత. "మీ యజమానికి ఫోన్‌లో చెప్పడానికి కాదు."

"బండి మాది మేడం. మీటరు గూడ మాదే." షట్టర్ సగం ఎత్తి వంగి బయటికి పోతూ, వెనక్కి తిరిగి మెల్లగా అన్నాడు: "మీరు నూలు వెతుక్కోండ్రి."

పన్నెండు పది. మోటార్ సైకిల్ చప్పుడు సందు మలుపు తిరిగింది.

విజేత ఫోన్‌లో తీసివేత చేసింది. 1,738 కిలోమీటర్లు. సగం చేస్తే 869. నాసిక్ అందులో మూడో వంతు కూడా కాదు. సాపుతారా, నాసిక్, ఔరంగాబాద్, నాందేడ్, నిజామాబాద్ మీదుగా మ్యాప్ మీద వేలు జరుపుతూ పోయింది. మెట్‌పల్లి దగ్గర వేలు ఆగింది.

నూలు తయారయ్యే సూరత్ నుంచి మెట్‌పల్లికి నూలు తీసుకెళ్లి ఎవరికి అమ్ముతాడు?

"కాకా, ఆ గంటన్నరల నువ్వు ఏం చూసినవో మొత్తం చెప్పు. చిన్నదైనా సరే."

బ్రహ్మచారి ఓసారి షట్టర్ వైపు చూశాడు.

"ఒకటున్నది. చెప్తే నా పనితనం మీద నవ్వుతరని ఆయన ముందట చెప్పలే. సెట్ చెయ్యనీకి మామూలుగా పావుగంట. ఆ రోజు గంట పట్టింది. గీత నిలవలే బిడ్డా."

"నిలవలేదంటే?"

"గీ బస్తాలకు చూడు, ఎట్ల నిలవడ్డదో. ఆ రోజు గట్ల కాదు. దారమంత పైకి పోయేది, దారమంత కిందికి దిగేది. హ్యాండ్‌బ్రేక్ గుంజిన, చక్రాలకు రాళ్లు పెట్టిన. అయినా కదులుడే. పక్క కార్ఖానాల మగ్గాలు నడుస్తున్నయి, నేల అదురుతున్నది అనుకున్న."

విజేత మెల్లగా అంది: "పక్క కార్ఖానాకు తాళం పడి ఇరవై రోజులాయె కాకా."

బ్రహ్మచారి గోడ వైపు చూశాడు. పందొమ్మిది బస్తాల పిండి కింద ఆ పసుపు గీత రాయిలా నిలబడి ఉంది. పిండికి ప్రాణం లేదు.

విజేత తొట్టిలో బస్తాల పక్కకు నెట్టి ఉన్న టార్పాలిన్‌ను లాగింది. ఇద్దరూ దాన్ని బండి పక్కనున్న ఇనుప రాడ్‌కు వేలాడదీశారు. ఆమె దాని వెనక్కి వెళ్లి, షట్టర్ ఎత్తమంది.

ఆరుబయటి వెలుగు టార్పాలిన్ మీద పడింది. లోపలి వైపు నుంచి చూస్తున్న విజేత కళ్ల ముందు చుక్కలు మెరిశాయి. మగ్గం మీద పోగు లాగే సన్నటి కొక్కెంతో పొడిచిన రంధ్రాలు. గుట్టుగా, గుంపులు గుంపులుగా. కూర్చున్న మనిషి మూతి ఎంత ఎత్తులో ఉంటుందో అంత ఎత్తులో. ఆమె ఒక్కో గుంపు మీద వేలు పెడుతూ నడిచింది. ఈ అంచు నుంచి ఆ అంచుకు పదిహేడు. అందులో ఒకటి మిగతా అన్నింటికన్నా జానెడు కింద ఉంది.

"చిన్న పిల్ల," అంది.

బ్రహ్మచారి వచ్చి పక్కన నిలబడ్డాడు.

"నేను ఆ గంటన్నర సినిమా పాటలు పెట్టుకున్న బిడ్డా. చాయ్ తాగిన. నా భార్యతోని ఫోన్‌ల కొట్లాడిన. నాలుగు అడుగుల దూరంల..." అతను టార్పాలిన్ అంచు పట్టుకున్నాడు. "లోపట ఉక్క మండిపోతున్నది. షట్టర్ దించి ఉన్నది. పదిహేడు మంది. ఒక్కరు దగ్గలే. ఈ కరోనా రోజులల్ల, ఒక్కరంటే ఒక్కరు దగ్గలే."

కదలకుండా కూర్చున్నారు వాళ్లు. గుండె కొట్టుకోవడాన్నీ ఊపిరి తీయడాన్నీ మాత్రం ఆపుకోలేకపోయారు. ఆ కాస్తనే గోడ చూసింది.

అయితే బండి తిరిగి మిల్లు వెనకకే ఎందుకు వచ్చింది?

విజేత ఫోన్ తీసి సమ్మక్క నంబరు నొక్కింది. సమ్మక్క సదానందం భార్య. ఉధ్నా స్టేషన్ అవతల అద్దె గదిలో ఉంటుంది, మగ్గాల కార్మికులకు అన్నం వండి పంపుతుంది. నిన్న ఆమెను గంటసేపు ప్రశ్నిస్తే వచ్చిన జవాబు ఒక్కటే: "పల్సానాకు పోయొస్తా అన్నడు."

రెండో రింగుకే ఎత్తింది.

"సమ్మక్కా, నేను విజేతను. పదిహేడు మంది మెట్‌పల్లి చేరిండ్రా?"

అవతల ఏడుపు.

"చేరిండ్రమ్మా. సోమవారమే చేరిండ్రు. జూన్ నెల సంది మిల్లుల తాళం పెట్టిండ్రు వాళ్లకు. బయటికి పోతే రోగం తెస్తరు, ఊరికి పోతే మల్ల రారు అని. రాత్రింబగళ్లు పనే. వాళ్లల్ల ఒక చిన్న పిల్లకు పదిరోజుల సంది జ్వరం. మా ఆయన ఎట్ల చూస్తడు?"

"ఇప్పుడు ఆయన ఎక్కడున్నడు?"

"ఇంకా ఇరవై ఇద్దరు ఉన్నరు లోపట. వాళ్ల కోసం మల్ల వచ్చిండు. బుధవారం నాడు చెరకు తోటల బండి పెట్టి, వెనక గోడ దిగి లోపటికి పోయిండు. మూడు రోజులాయె. ఫోన్ లేదు. వాళ్లల్లనే కలిసిపోయి దాసుకున్నడో, దొరికిండో..." ఆమె గొంతు తగ్గించింది. "ఇరవై ఇద్దరి పేర్లు, ఊర్లు రాసిన కాగితం నా కాడ పెట్టి పోయిండు. వాళ్ల ఇండ్లకు ఫోన్ చెయ్యనీకి."

విజేతకు రాజలింగం అడిగిన ప్రశ్న అర్థమైంది. అతను ఏనాడూ నూలు కోసం వెతకలేదు. మనుషులు ఎటు పోయారో, ఎవరి చేత పోయారో, తర్వాత ఎవరు పోబోతున్నారో వెతుకుతున్నాడు. మెట్‌పల్లికి దారి ఎన్ని కిలోమీటర్లో అతనికి నోటికి తెలుసు. ఆ అంకెను అతని చేతిలో పెట్టింది ఈ షాపు గోడే.

టైము చూసింది. పన్నెండు ముప్పై రెండు. ఇక్కడి నుంచి స్టేషన్ అవతలికి మోటార్ సైకిల్ మీద పావుగంట.

"సమ్మక్కా, తలుపు గడియ పెట్టు. ఎవరొచ్చినా తియ్యకు."

"ఎవలొస్తరమ్మా... ఆగు, ఎవరో కొడుతున్నరు."

ఫోన్‌లో తలుపు చప్పుడు. ఆ వెంటనే, గడియ వేయని తలుపు తెరుచుకున్న కిర్రుమనే శబ్దం. తర్వాత తేనె పూసినట్టున్న ఒక గొంతు.

"చెల్లె, బాగున్నవా? మన ఊరోళ్లం గదా, కలిసిపోదామని వచ్చిన. సదానందం ఒక కాగితం ఇచ్చి పోయిండట గదా?"

కాగితం సంగతి రాజలింగానికి తెలిసిందంటే సదానందమో, లోపలివాళ్లలో ఎవరో దొరికిపోయి ఉండాలి. విజేత బ్రహ్మచారి భుజం పట్టుకుని బండి వైపు తోసింది. అతను ఒక్క ప్రశ్న కూడా అడగకుండా స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. పందొమ్మిది బస్తాలతోనే బండి స్టార్టయింది. ఆమె అతని ఫోన్ లాక్కుని పోలీసులకు చేసింది. లైను బిజీ. మళ్లీ చేసింది. తన ఫోన్ మాత్రం చెవి నుంచి తీయలేదు.

అవతల సమ్మక్క ఫోన్ పెట్టేయలేదు. దాన్ని ఎక్కడో గట్టు మీద బోర్లా పెట్టినట్టుంది. మాటలు కొంచెం దూరమైనా స్పష్టంగా వినిపిస్తున్నాయి.

"ఏ కాగితమన్నా?" సమ్మక్క అంటోంది. ఒక నిమిషం కిందట వెక్కి వెక్కి ఏడ్చిన మనిషి గొంతు కాదది. తొణకలేదు, వణకలేదు. "నాకు సదువు రాదు గదా. ఆయన కాగితాలన్ని సందూకల ఉంటయి. ఎదికి ఇస్త. గంత దూరం ఎండల వచ్చినవ్, నిలవడ్డవేంది?"

గిన్నె చప్పుడు. అగ్గిపుల్ల గీసిన చప్పుడు. స్టవ్ భగ్గున అంటుకుంది. ఆ మంటలో ఏదో కాగితం చిటచిటమని కాలుతున్న శబ్దం విజేతకు వినపడింది.

"కూసో అన్నా," అంది సమ్మక్క. "చాయ్ పెడ్త."